ఒత్తులు లెక్కకొస్తాయా

సైనిక సంక్షేమ కార్యాలయం గేటు పక్కన
గోడకి ఆనించిన బల్ల, దాని మీద నా టైపు మిషను.
పేజీకి రూపాయిన్నర, కార్బను కాపీకి పావలా.
బెంగుళూరు ఇంకా స్వెట్టరు విప్పని ఫిబ్రవరి పొద్దున
మర్ఫీ టౌను నుంచి నడిచొచ్చింది రాహేలమ్మ,
చంకలో గొడుగు, చేతిలో రేకు పెట్టె.

"మొగుడి సమాధి దేశం కాని దేశంలో ఉన్నోళ్ళకి
సర్కారు టిక్కెట్టు కొనిస్తదంట. నిజమేనా నాయనా?"
నిజమే. సగం కొనిస్తుంది.
"ఏ సర్కారు? ఆయన్ని పంపిందా, ఇప్పుడుండేదా?"
ఫారంలో దానికి గడి లేదు.

మృతుని పేరు: తలారి యేసోబు. హోదా: సాపర్.
మరణ కారణం: వంతెన కడుతుండగా.
మరణ స్థలం: ఇటలీలో ఒక ఏరు.
ఏటి పేరు ఆమెకి నోరు తిరగదు,
నాకు స్పెల్లింగు రాదు.
ఇద్దరం కలిసి అక్కడ చుక్కలు పెట్టాం.

పెళ్ళయినట్టు రుజువు?
"చర్చి రిజిస్టరు చెదలు తినేశాయి.
పాస్టరు గారబ్బాయి సాక్ష్యం చెప్తాడులే."
ఆయన చూశాడా?
"చూశాడు. ఉయ్యాల్లోంచి."

పింఛను పుస్తకం కోసం పెట్టె తెరిచింది.
చీరలకు తుప్పు అంటకుండా అడుగున పరిచిన కాగితం,
గోధుమ రంగుకి తిరిగిన ఇంగ్లీషు కాగితం,
నలభై ఏళ్ళుగా చదివేవాడి కంట పడలేదు.
ఉత్త అలవాటుకొద్దీ నేను చదివాను.
మీ భర్త సమాధి రాయి మీద
మీరు కోరిన మాట చెక్కిస్తాం,
అరవై ఆరు అక్షరాలు మించకూడదు,
మూడు నెలల్లో జవాబు రాకపోతే
ఖాళీగా వదిలేస్తాం.

చెప్పకుండా మడిచి పెట్టేద్దామనుకున్నాను.
"ఏముంది అందులో?" అంది.
చెప్పాను.

చాలాసేపు గొడుగు పిడి తిప్పుతూ కూచుంది.
లోపల ఎవరో టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు.
"అరవై ఆరంటే మన అక్షరాలా, వాళ్ళయ్యా?
ఒత్తులు లెక్కకొస్తాయా?
సున్నా కూడా ఒకటేనా?"

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిది ఎవరూ అడగలేదు.
ముందు మాట చెప్పమ్మా, తర్వాత లెక్కపెడదాం అన్నాను.
వెతుక్కోలేదు. సిద్ధంగా ఉంది ఆమె దగ్గర:
"యేసోబూ, కంటోన్మెంటు స్టేషనుకి వచ్చాను,
బండి అప్పటికే కదిలింది."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఇరవై నాలుగు.
ఒత్తులూ సున్నాలూ కలిపితే ముప్పై రెండు.
ఇంకా ముప్పై నాలుగు మిగిలాయమ్మా.
"ఉండనీ" అంది, "ఆయనా ఏదో ఒకటి అనాలి గదా."

నా మిషనుకి తెలుగు రాదు.
ప్రయాణ ఉద్దేశం అన్న గడి ముందు ఆగి
నివాళి అని ఇంగ్లీషులో కొట్టాను.
ఆ గడిలో అంతే పడుతుంది.

రెండు సంతకాలు తక్కువని ఒకసారి,
ఫోటోలో చెవులు కనబడలేదని ఒకసారి
తిరిగొచ్చింది ఫారం.
మిగతా సగానికి చెవి కమ్మలు కుదవపెట్టింది,
"చెవులే కనబడాలన్నారుగా" అని నవ్వింది.

నవంబరులో మళ్ళీ వచ్చింది, కాళ్ళకి కొత్త మేజోళ్ళతో.
చెప్పావా అమ్మా?
"ఎట్టా చెప్తాను? ఆ వరసంతా కుర్రోళ్ళే,
ఇరవై, ఇరవై రెండు, ఒకడికి పందొమ్మిది.
అందరూ వింటున్నట్టే ఉంది. సిగ్గేసింది.
రాయి తడిగా ఉంటే కొంగుతో తుడిచాను.
ఎండ ఎటునుంచి పడుద్దో చూశాను.
మంచి చోటే. పొద్దున్నే పడుద్ది."

తర్వాత రూపాయిన్నర బల్ల మీద పెట్టి
"ఇంకో కాగితం ఎక్కించు నాయనా,
మళ్ళీ పంపుతారేమో అడుగుదాం."

ఒక్కసారికే ఇస్తారని నాకు తెలుసు.
నాలుగో నిబంధన. నేనే వందసార్లు కొట్టాను దాన్ని.
కాగితం ఎక్కించాను.